బోలు యాక్సిల్

కంప్లిలో మూతపడిన రైస్ మిల్లు గోడౌన్‌లో మౌనేశ్ బొమ్మకార్ల పందేలు పెట్టినప్పుడు ఊరంతా నవ్వింది. పొడవాటి చెక్కబల్ల మీద మెలికలు తిరిగిన ట్రాక్, దాంట్లో గాడులు, గాడికి అటూ ఇటూ కరెంటు పారే రాగి పట్టీలు. అరచేతిలో పట్టేంత కారు ఆ గాడిలో ముక్కు ఆనించి పరుగెత్తుతుంది. చేతిలోని ట్రిగ్గరు నొక్కితే స్పీడు, వదిలితే బ్రేకు. మలుపులో కాస్త ఎక్కువ నొక్కామా, కారు ఎగిరి అవతల పడుతుంది. ఇంతే ఆట. మీసాలొచ్చిన మగాళ్లు ఆడాల్సిన ఆటేనా ఇది అని మూతి విరిచినవాళ్లే తర్వాత ఆదివారం ఆదివారం వరసలో నిలబడ్డారు, అది వేరే సంగతి.

అందరికంటే ముందు పిచ్చి పట్టింది రామసుబ్బకు. వరిపొలాలున్న ఇంటివాడు, సండూరు గనుల వైపు టిప్పర్లు తిప్పుతున్నవాడు. ఆయనకు కారు నడపడం చేతకాదు, తయారు చెయ్యడం మాత్రం మహా బాగా వచ్చు. వెనక చక్రాలు రెంటినీ కలిపే యాక్సిల్‌ను అద్దం ముక్క మీద పెట్టి వేలితో దొర్లించేవాడు. సాఫీగా దొర్లితే సరే, ఎక్కడైనా తడబడిందంటే వంకర ఉన్నట్టే, అవతల పారేసేవాడు. టైర్లు గరుకు కాగితం మీద అరగదీసి గుండ్రం చేసేవాడు. నూనె బొట్టు కూడా సూది మొనతోనే. మనిషికి జ్వరమొస్తే ఇంత చూడవు గదా అని ఇంట్లో భార్య దెప్పినా చెవిన పెట్టేవాడు కాదు.

ఆ కార్లు నడిపేది మారెన్న. ఎన్నో ఏళ్లుగా రామసుబ్బ టిప్పరు డ్రైవరు. యజమాని, పనివాడు అనే తేడా గోడౌన్ గుమ్మం బయటే ఉండిపోయేది. యాక్సిల్స్‌లో రెండు రకాలు: లోపల బోలుగా ఉండే తేలికది, లోపలంతా ఉక్కు నిండిన గట్టిది. బోలుది వేస్తే కారు ట్రిగ్గరు నొక్కీ నొక్కకముందే ఉరుకుతుంది, కానీ చెయ్యి అదుపులో లేకపోతే మలుపు దాటదు. మారెన్న చేతికి అదుపు పుట్టుకతో వచ్చింది. బోలు యాక్సిల్ తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు.

అలాంటి మనిషికి పోయిన వేసవిలో పక్షవాతం వచ్చింది. తారానగర్ దగ్గర లోడు బండి నడుపుతుండగానే కుడి చెయ్యి జారిపోయింది. ఎడమ చేత్తోనే బండిని పక్కకు తెచ్చి, ఎవరికీ గీత కూడా పడకుండా ఆపి, అప్పుడు స్టీరింగు మీద వాలిపోయాడు. ప్రాణం దక్కింది. కాలు కొంచెం కుదుటపడింది, కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఇక లారీ ఎక్కే మాట మరచిపొమ్మన్నాడు డాక్టరు. జీవితమంతా స్టీరింగు పట్టినవాడు వాకిట్లో మంచం మీద కూర్చుని, రోడ్డు మీద బండి పోతే గేరు మార్చిన చప్పుడు వినేవాడు. ఇక మిగిలింది ఆ గోడౌన్ ఒక్కటే.

"ఎడం చేత్తో నడుపుతానన్నా" అన్నాడు ఒకరోజు. "దసరా పందెంలో నన్ను నిలబెట్టు. ఇంగా డ్రైవర్నేనా కాదా, ఆడ తేల్చుకుంటా."

రామసుబ్బ సంతోషంగా ముందు ప్రాక్టీసుకు తీసుకెళ్లాడు. బోలు యాక్సిల్ కారే ఇచ్చాడు. ఎడమ చేతికి అలవాటు లేదు కదా, మొదటి మలుపులోనే కారు ఎగిరిపోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ పోయింది. నవ్వి ఉంటే బాగుండేది, ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఎవరో "పాపం" అన్నారు. మారెన్న మెడ ఎర్రబడింది. ఆ తర్వాత రెండు మూడు చుట్లు కారు నిలబడింది కూడా, కానీ రామసుబ్బ అది చూడలేదు. ఆయన చెవిలో ఆ ఒక్క మాటే గింగురుమంటోంది.

అదిగో, అక్కడ బుద్ధి గడ్డి తింది. దసరా పందేనికి ముందు రోజు సాయంత్రం ఇంట్లో కూర్చుని బోలు యాక్సిల్ తీసేసి గట్టిది బిగించాడు. చాలదన్నట్టు కారు అడుగున సీసం ముక్కలు అంటించాడు. ఇక ఎంత నొక్కినా కారు ఎద్దుబండిలా పోతుంది, పడమన్నా పడదు. పది మందిలో నా మారెన్న పరువు పోకూడదు, అంతే ఆయన తాపత్రయం.

పందెం ముందు మారెన్న అడిగాడు. "బోలుదే గదన్నా ఏసింది?"

"బోలుదే" అన్నాడు రామసుబ్బ, కారును తనే గాడిలో పెట్టి, కళ్లలోకి చూసి మరీ.

కారు ఒక్కసారి కూడా పడలేదు. పక్క గాడుల్లో కార్లు ఎగిరిపడి, ఎత్తి పెట్టించుకుని, మళ్లీ మారెన్న కారును దాటుకుని పోయాయి. మారెన్న ట్రిగ్గరు పూర్తిగా నొక్కి పట్టుకున్నాడు, పెదవులు బిగించాడు, నుదుట చెమట పట్టింది. అందరికంటే ఆఖరున వచ్చాడు. పడకుండా నడిపినందుకు చప్పట్లు కొట్టారు.

"కారులో ఏం లోపం లేదన్నా" అన్నాడు ట్రిగ్గరు నెమ్మదిగా బల్ల మీద పెట్టి. "నీ చెయ్యి బంగారం. నా చెయ్యే సచ్చిపోయింది, నిండా నొక్కతాండా అనుకున్నా గానీ ఏలు దిగనే లేదు. తెలిసిపోయె."

అప్పుడైనా రామసుబ్బ నోరు విప్పి ఉండవచ్చు. చుట్టూ జనం. నలుగురి ముందు నిజం చెబితే నీ మీద జాలిపడ్డాను అని దండోరా వేసినట్టు అవుతుందని నాలుక మడిచిపెట్టుకున్నాడు.

తర్వాత ఆదివారం మారెన్న రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మారెన్న భార్య కరియమ్మ రామసుబ్బ ఇంటికొచ్చి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ముద్ద దిగడం లేదన్నా. రోడ్డు మింద బండి చప్పుడైతే లోపలికి పోయి తలుపేసుకుంటాండాడు. ఏంది అంటే, నేను డ్రైవర్ని కాదులేమే ఇంగ అంటాడు."

రామసుబ్బ అప్పటికప్పుడు ఆ కారు పట్టుకుని మారెన్న ఇంటికి వెళ్లాడు.

"తప్పు నాదప్పా. ఆ పొద్దు బోలుది ఏయలేదు, గట్టిది ఏసినా. సీసం కూడా అంటించినా. దీన్ని నువ్వే కాదు, ఎవురు నడిపినా కడాకే వస్తారు. చూడు."

మారెన్న కారు ఎడమ చేత్తో తిప్పి చూశాడు. యాక్సిల్ కొసను గోటితో తడిమాడు. రామసుబ్బ ముఖంలోకి చూసి నవ్వాడు. ఆ నవ్వులో అంత ప్రేమ ఉంటుందని రామసుబ్బ అనుకోలేదు.

"ఇది ఇప్పుడు ఏసుకోనొచ్చినావు."

"కాదు, ఆ పొద్దుటిదే. ముట్టుకోనే లేదు."

"నాకు తెల్దా అన్నా? నేను టీ తాగేలోపల యాక్సిల్ మార్చేటోడివి. ఆ పొద్దు నేనడిగితే బోలుదే అంటివి. నాకు నువ్వు ఎప్పుడన్నా అబద్ధం చెప్పినావా? నా మనసు నొస్తాదని ఇప్పుడు చెప్తాండావు."

"అయితే లే, ఇప్పుడే గోడౌన్‌కు పోదాం. బోలుది ఏసిస్తా, నువ్వే నడిపి చూడు."

"ఇంగొకసారి అందరి ముందర కడా రాలేనన్నా. ఆ ఒక్కటి అడగొద్దు."

రామసుబ్బకు ఇక దారి కనపడలేదు. కన్నకూతురి పేరు నోటికొచ్చింది. "మా శ్రుతి మింద ఒట్టేసి చెప్తా..."

మాట పూర్తి కాకముందే మారెన్న ఎడమ చెయ్యి వచ్చి ఆయన నోరు మూసింది. "సాలు, ఇడ్సిపెట్టన్నా. నా కోసరం బిడ్డ నెత్తిన దొంగ ఒట్టు పెట్టొద్దు" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. రామసుబ్బ ఏడ్చేశాడు. మారెన్నే ఆయన వీపు నిమిరి ఓదార్చాడు.

కొన్నాళ్లకు ఇంట్లో కూర్చోలేక మారెన్న మళ్లీ గోడౌన్‌కు వచ్చాడు, నడపడానికి కాదు. మలుపు దగ్గర కుర్చీ వేసుకుని, ఎగిరిపడిన కార్లను తీసి గాడిలో పెడతాడు. ఎడమ చెయ్యి ఎంత వాటంగా కదులుతుందంటే, కారు నేల తాకకముందే పట్టేస్తుంది. మిషన్ లాంటి చెయ్యప్పా నీది అంటాడు మౌనేశ్. రామసుబ్బ ఆ చేతిని చూడలేక తలుపు దగ్గరే నిలబడతాడు. ఆ చెయ్యి ఉండాల్సిన చోటు ట్రిగ్గరు మీద. దాన్ని అక్కణ్ణుంచి తీసేసింది తనే.

కొత్తగా వచ్చినవాళ్లెవరైనా తలుపు దగ్గర ఆయన ఎవరని అడిగితే మారెన్న గర్వంగా చెబుతాడు. "మా అన్న. అట్లాంటి మనిషి యాడా దొరకడు. నాతో ఒకే ఒక అబద్ధం ఆడినాడు, అది కూడా నా కోసరమే."