తలక్రిందుల వావిలి

రోహిణీకార్తె తుదిదినములు. రోళ్లను బగుల్చు ప్రచండమార్తాండమండలము పశ్చిమాద్రిశిఖరముల వెనుకకు జాఱుచుండగా నిదాఘతాపమున నూలుపోగువలె సన్నగిలిన గుమ్మలేటి యొడ్డున నిరువదిమంది జనులు మోకాళ్లదాక బురద పూసికొని యపరిమితోత్సాహమున శ్రమించుచుండిరి.

ఆ యేటి వంపున గల లోతుమడుగొక్కటే వేసవిలో పరిగచేపలకు దిక్కు. క్రిందటి వఱదకు గట్టు విఱిగి మడుగు సగము పూడిపోయెను. ఈ వానలకు మిగిలిన గట్టును గూలెనేని చేపలకు దావే లేదు. కావున బడిలో ముప్పదేండ్లు తెలుగు చెప్పి విశ్రమించిన భాష్యకారాచార్యులుగారు సిమెంటును ముట్టరాదని శాసించి రాళ్లును వెదురుతడికెలును బచ్చి వావిలికొమ్మలును మాత్రమే సాధనములుగా నీ స్వచ్ఛందసేనను నడపుచుండిరి. నాటిన వావిలి వేరు దన్ని మన్నును బిగియబట్టునని వారి యాశ.

"కొమ్మల కొనలు చెక్కి దిగగొట్టుడు" అని వారాజ్ఞాపించిరి. జనులట్లే చేసిరి.

తడికెలల్లుటకు వచ్చిన మేదరి సింహాద్రమ్మ తలయెత్తి చూచి నవ్వాపుకొనలేకపోయెను. "మొదలు మీదకెట్టి కొన భూమిలో దిగ్గొట్టించీసేరేటండి పంతులుగోరూ? తలకిందులుగా నిలబెడితే మీకైనా ముద్ద దిగుతాదేటి?"

ఆచార్యులుగారు వంగి కొమ్మలను బరికించిరి. కొన యన వారి మనసున నఱికిన చివర. జనులకు లేజిగురుండు దిక్కు. జీవితమంతయు బరుల యక్షరదోషములను దిద్దిన పండితుని నోటిమాటయే నేడు చేపల కొంప ముంచబోయెను. సిగ్గుతో వారి చెవులు కందిపోయినవి. అయినను మడుగున మెఱయు చేపపిల్లలను జూచి యుత్తరీయమును నడుమునకు బిగించి "దోషము నాదే. అన్నియు బెఱికి తిరుగ నాటుదము" అని తామే మొదటికొమ్మను బెఱికిరి. నవ్వుల నడుమ బ్రొద్దుగ్రుంకులోపల బని ముగిసెను. ఒక్కకొమ్మ మాత్రము రాళ్లసందున జిక్కి యెంత లాగినను రాలేదు.

మృగశిర తొలివాన కేఱు పొంగెను. గట్టు కదలలేదు. పక్షము దినములకు దక్కిన వావిలికొమ్మలన్నియు జిగిర్చెను. మొండియై యెండిన యా యొక్కదానిని దీసివేయ గునపముతో బయలుదేఱిన యాచార్యులుగారిని సింహాద్రమ్మ వారించి వ్రేలు చూపెను.

"ఉండనియ్యండి బాబూ. దానికీ ఓ పని దొరికింది."

దానిపై గూర్చున్న లకుముకిపిట్ట తటాలున మడుగులోనికి దుమికి పరిగపిల్లను ముక్కున గఱచుకొని మరల నా తలక్రిందుల కొమ్మపైననే వ్రాలెను.

ముప్పదేండ్లలో దొలిసారి యాచార్యులుగా రొక తప్పును దిద్దక విడిచిరి.