ఎనిమిదో గ్లాసు

ఇస్త్రీ పెట్టె కింద మా ఆయన చొక్కా కాలుతుంటే పక్క గదిలోంచి ఆయనే పరిగెత్తుకొచ్చాడు. నేను పెట్టె పట్టుకునే నిలబడి ఉన్నాను. "ఏం పరధ్యానం నీది!" అన్నాడు. పరధ్యానమేనని ఒప్పుకున్నాను. జ్వరం తగ్గి అప్పటికి నాలుగు రోజులు. వాసన పోయిందని నాకు తెలిసింది ఆ క్షణంలోనే. ఇది మూడు నెలల కిందటి సంగతి.

ఇంకొకరికైతే సర్దుకుపోగల నష్టం. నేను బిస్కెట్ ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగిని. పందొమ్మిదేళ్లుగా నేను తలూపితేనే పిండి పొయ్యిలోకి వెళ్తుంది. వాసన లేని నాలుకకి మిగిలేది ఉప్పు, తీపి, పులుపు, చేదు, కాస్త మంట. అయినా ఈ మూడు నెలల్లో ఒక్క బిస్కెట్ మీద కూడా ఫిర్యాదు రాలేదు. పిండి కలిపే ఆయన నా ఎదురుగా నిలబడతాడు. తన పిండి మీద తనకే అనుమానం ఉంటే చెవి గోక్కుంటాడు. గోక్కుంటే "ఇంకొంచెం వెనీలా" అంటాను. గోక్కోకపోతే కళ్లు మూసుకుని "ఊఁ" అంటాను. కళ్లు మూసుకోవడం కొత్తగా చేసుకున్న అలవాటు. దాంతో నా గౌరవం పెరిగింది. "మేడం ఈ మధ్య ఇంకా లోతుకి వెళ్తున్నారు" అని మేనేజరు అన్నాడట.

ఇది మోసం అని రోజూ పడుకునే ముందు ఒకసారి అనుకుంటాను. కానీ నన్ను భయపెట్టేది మోసం కాదు. ఆ నాలుకని పక్కన పెడితే అక్కడ మిగిలే మనిషి ఎవరో నాకు పరిచయం లేదు.

ఇలాంటి సమయంలో నా స్నేహితురాలు రైలు టిక్కెట్లు కొనేసింది. హైస్కూల్లో లెక్కల టీచరు. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే బెంచీ. నన్ను పేరు పెట్టి పిలవడం ఏనాడో మానేసింది. "నాలుకా" అంటుంది. ఉద్యోగం వదిలేసి పది కుర్చీలతో సొంతంగా ఒక కాక్‌టెయిల్ బార్ పెట్టాలని ఆమె కోరిక. శని, ఆదివారాలు నగరానికి వెళ్లి, అక్కడి బార్లన్నీ తిరిగి, తన బార్‌కి ఎనిమిది పానీయాలు ఎంచుకుని, సోమవారం రాజీనామా ఇవ్వాలి. ఉత్తరం రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని మరీ బయల్దేరింది.

"నువ్వు ఊఁ అంటే చాలే. ఇరవై రెండేళ్ల సర్వీసు, హాయిగా వదిలేస్తా" అంది రైల్లో.

చెప్పేద్దామని నోరు తెరిచాను. "కిటికీ వేసెయ్యవే, దుమ్ము" అన్నాను.

శనివారం మధ్యాహ్నం మొదటి రెస్టారెంటులో ఒక నల్లరాయి తెచ్చి మా మధ్య పెట్టారు. రాయి మీద ఒక పుట్టగొడుగు. ఒక్కటే. "ఇది అడవి జ్ఞాపకం" అన్నాడు వడ్డించే ఆయన, దగ్గరి బంధువు పోయిన కబురు చెబుతున్నంత మెల్లగా. పక్కనే పొడవాటి గ్లాసులో తేటగా ఏదో ఉంది. దాని పేరు మబ్బు. టమాటా రసాన్ని రంగు పోయేదాకా వడగట్టి అందులో మద్యం కలిపారట. నాకు గొంతులో కాస్త మంట, అంతే. టీచరు కళ్లు పెద్దవయ్యాయి. వెంటనే అందుకున్నాను.

"వాన పడబోయే ముందు పెరడు."

"అబ్బ! అదేనే! నాకు మాట అందలేదు గానీ, అదే!" అని నోట్‌బుక్కులో రాసుకుంది.

ఆదివారం నాలుగింటికల్లా నోట్‌బుక్కులో ఏడు అయ్యాయి. వాసన పోయాక నా మాటలు ఇంత బాగుపడతాయని నేనూ అనుకోలేదు. చివరి బార్ అప్పుడే తెరిచారు. మేం తప్ప ఎవరూ లేరు. కౌంటరు వెనక తల నెరిసిన ఆయన గ్లాసులు తుడుస్తున్నాడు. ఒక ఎర్రటి పానీయం ఇచ్చాడు. తాగి, మొహమొహాలు చూసుకుని, వద్దనుకున్నాం. తర్వాత సన్నకాడ గ్లాసులు రెండు మా ముందు పెట్టి లోపలికి వెళ్లాడు. తేటగా ఉంది. నిన్నటి మబ్బుకి తోబుట్టువు అనుకున్నాను.

ఒక గుక్క తాగాను. కళ్లు మూసుకున్నాను. మంట కూడా లేదు.

"మందు ఉన్నట్టే తెలియనివ్వలేదు చూడు. చెయ్యి తిరిగిన పనంటే ఇదీ. చివర్లో, మరీ చివర్లో, పొగ."

టీచరు తాగింది. "పొగ... ఆఁ! వచ్చిందే! ఇదిగో ఇక్కడ, ముక్కు వెనకాల!"

ఆయన తిరిగొచ్చి ఈ మాట విన్నాడు. తుడుస్తున్న గుడ్డ ఆగిపోయింది. ఆమె ఎనిమిది అంకె వేసి, చుట్టూ గుండ్రంగా గీసి, మొహం కడుక్కొస్తానని వెళ్లింది.

"ఎన్నాళ్లయిందండీ?" అన్నాడు.

"ఏంటి?"

"మా పిన్నికీ ఇలాగే వాసన పోయింది. అవి మంచినీళ్లు. నోరు పుక్కిలించడానికి ఇస్తాం."

"మూడు నెలలు" అన్నాను. మూడు నెలల్లో నా నాలుక పలికిన మొదటి నిజం అదేనేమో.

ఆమె వచ్చి ఉత్సాహంగా కౌంటరు మీదికి వంగింది. "అన్నయ్యగారూ, ఈ ఎనిమిదోదాంట్లో ఏం కలిపారు? మాది వేరే ఊరు, మీకు పోటీ రాం లెండి."

ఆయన నావైపు చూశాడు.

"మంచినీళ్లే అవి" అన్నాను.

"నీ మొహం. జోకులు తర్వాత."

"జ్వరమొచ్చినప్పుడు వాసన పోయిందే నాకు. ఇంకా రాలేదు."

ఆమె నవ్వబోయి ఆగింది. నోట్‌బుక్కు తెరిచింది. తప్పు ఏ మెట్టులో దొర్లిందో వెతికే చూపు అది.

"ఒకటోది?"

"నువ్వు కళ్లు పెద్దవి చేశావు."

"మూడోది?"

"పక్క టేబులావిడ చప్పట్లు కొట్టింది."

"ఐదోది?"

"అది నిజంగానే పుల్లగా ఉంది."

"రైల్లో దుమ్మన్నావు. దుమ్మెక్కడుందే అని అప్పుడే అనుకున్నా. దొంగమొహమా, నీ మాట మీద ఉద్యోగం వదిలేసేదాన్ని!" అంతలో ఇంకేదో తట్టినట్టు మెల్లగా కూర్చుంది. "సరే, నీ ముక్కు పోయింది. నా ముక్కు బాగానే ఉందిగా. మంచినీళ్లలో నాకు పొగ వాసన ఎలా వచ్చిందే?"

"నేను చెప్పానని."

ఆమె బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి, ఎనిమిదింటినీ ఒకే గీతతో కొట్టేసింది.

"అన్నయ్యగారూ, ఆ ఎర్రటిది మళ్లీ ఇవ్వండి. నువ్వు అటు, గోడవైపు తిరుగు. నీ మొహం చూస్తుంటే నాకు రుచులు పుట్టుకొస్తాయి."

తిరిగాను. తెల్లగోడ. చదవడానికి ఒక మొహం కూడా లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక గ్లాసు ఎత్తిన చప్పుడు, దించిన చప్పుడు. మళ్లీ ఎత్తింది.

"నాకు ఇది..." అంది. ఆగింది. "నాకు నచ్చిందే! ఇందాక నువ్వు మూతి ముడిచావని వద్దన్నాను. నారింజ తొక్క వాసన. అదేనా అండీ?"

"అదేనండి" అన్నాడాయన.

నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పిన చప్పుడైంది.

"మరి ఉత్తరం?" అన్నాను గోడతో.

"బ్యాగులోనే ఉంటుంది. రేపు మొదటి పీరియడు తొమ్మిదో తరగతి, త్రిభుజాలు. ఇంకా ఏడు వెతకాలి. వచ్చే శనివారం కూడా వస్తున్నాం. నువ్వు గోడవైపు కూర్చుందువుగాని. ఈలోపు డాక్టరుకి చూపించుకో. ఆ పిండి కలిపే ఆయనకి నిజం చెప్పు."

"చెబితే ఇక నన్నెందుకు ఉంచుకుంటారే?"

ఆమె నా పక్కకొచ్చి, మిగిలిన మంచినీళ్ల గ్లాసు చేతిలో పెట్టింది. తాగాను.

"ఎలా ఉంది?"

"చల్లగా ఉంది" అన్నాను. కళ్లు మూసుకోలేదు.