పిడి నా వైపు

సముద్రం ఈరోజు ఎడమవైపు ఉంది, ఎప్పుడూ కుడివైపు ఉండేది, అయినా నాకదేమీ వింతగా అనిపించదు, ఎందుకంటే సరుగుడు చెట్ల కింద మా బావ పట్టాభి సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు, కాళ్ళకి చెప్పుల్లేవు, కిందటి వేసవిలో చనిపోయిన మనిషికి చెప్పులెక్కడివిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ ఇసుకలో అతనివైపు నడుస్తున్నాను.

"ఆలస్యం చేశావేమిటోయ్ చిదంబరం, మీ అక్క టిఫిను పెట్టలేదా?" అంటాడు.

"పెట్టింది. నువ్వు పోయినప్పట్నించీ ఉప్మాలో ఉప్పు మర్చిపోతోంది."

"నేనున్నప్పుడూ అంతే. నేను చెప్పేవాణ్ణి కాదు, అంతే తేడా."

అతను సంచి దించి కర్రలు బయటికి తీస్తాడు. మా అక్క కామేశ్వరి మొగుడు ఇతను, రైల్వేలో సిగ్నళ్ళ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు, నేనేమో పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాను, పెళ్ళీ పెటాకులూ లేకుండా వాళ్ళింటి మేడమీద గదిలోనే ఉండిపోయాను. ఈ గోల్ఫు పిచ్చి మాకు పుట్టుకతో వచ్చింది కాదు. రైల్వేవాళ్ళ పాత గోడౌను ఖాళీ చేస్తున్నప్పుడు చెదలు పట్టకుండా మిగిలిన ఏడు కర్రల్ని, పారేస్తుంటే ప్రాణం ఒప్పక, బావ ఇంటికి మోసుకొచ్చాడు. దొరల కాలంనాటి గోల్ఫు కర్రలవి, నిలువునా చెక్కే, కిందన ఇనప తల, పైన పిడికి తోలు చుట్టి ఉంటుంది. వాటికి ఇంగ్లీషు పేర్లేవో ఉన్నాయట, మాకు నోరు తిరగక చుట్టాల పేర్లు పెట్టుకున్నాం. పొడుగుది పెద్దనాన్న, కొట్టిన ప్రతిసారీ దగ్గినట్టు చప్పుడు చేస్తుంది. గుంట దగ్గర బంతిని మెల్లిగా నెట్టే పొట్టి కర్ర చిన్నత్త, ఎవరి మాటా వినదు.

"పెద్దనాన్నతో మొదలెట్టు" అని బావ నాకు కర్ర అందిస్తాడు, నేను బంతి ముందు నిలబడి ఎత్తుతాను, ఎత్తగానే ఎప్పటిలాగే తొందరొస్తుంది, "ఆగు, ఆగు, కర్రని రానీ" అంటాడు బావ వెనకనుంచి. అదే అందులో ఉన్న రుచంతా. చెక్క కదా, నేను కిందికి దించుతున్నా తల ఇంకా పైనే వెనకబడి ఉంటుంది, అది వంగి, సాగి, దాని తీరిక చూసుకుని వస్తుంది, అది వచ్చేదాకా నేను ఓపిక పట్టాలి, పట్టానా, చేతికి ఏమీ తగిలినట్టే ఉండదు, బంతి మాత్రం గాల్లో ఉంటుంది. ఇప్పుడొచ్చే స్టీలు కర్రలు ఎలా కొట్టినా క్షమించేస్తాయి, తప్పు చేశామని కూడా మనకి తెలియనివ్వవు. వాటితో ఆడేవాళ్ళ బంతులు ఆమడ దూరం పోతాయి, వాళ్ళు తలో దిక్కుకీ పోతారు. మా బంతులు కాస్త దూరమే వెళ్ళేవి. అందుకని మేం పక్కపక్కనే నడిచేవాళ్ళం.

బంతి ఎటు పోయిందో చూద్దామని తలెత్తితే మైదానం లేదు, అక్కావాళ్ళ మేడ ఉంది, తీగల మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి, మేమిద్దరం దుప్పట్లు తప్పించుకుంటూ బంతి కోసం వెతుకుతున్నాం, ఒక దుప్పటి పక్కకి తీస్తే అవతల రైలు ప్లాట్‌ఫారం, దానిమీద గడ్డి మొలిచి ఉంది, బంతి ఆ గడ్డిలో పడి ఉంది. బావకి ఇదంతా మామూలే అన్నట్టు నా చేతిలో కర్ర తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాడు. తల లొడలొడలాడుతుంది.

"వదులైపోయిందేమిటోయ్?"

"గది మూల పెట్టేశాను బావా. ఎండిపోయింది."

"పార కర్ర వదులైతే ఏం చేస్తాం?"

"నీళ్ళల్లో నానబెడతాం."

"మరి?"

"ఆడటం లేదు బావా" అంటాను, ఆ మాట పైకి అనేసరికి నాకు ఏడుపొస్తుంది, ఏడవకుండా ఉండటానికి గబగబా చెప్పేస్తాను. "బీచి రోడ్డులో కొత్త హోటలు కడుతున్నారు. వాళ్ళకి ఇవి కావాలట. గోడకి బిగించి పైన లైటు పెడతారట. ఈరోజే వస్తామన్నారు. ఇచ్చెయ్యనా?"

"మీ అక్క ఏమంది?"

"నీ ఇష్టం అంది. తన ఇష్టమేమిటో చెప్పదు."

"చెప్పదు" అని ఒప్పుకుంటాడు. "పోయినవాణ్ణి, నన్నడిగితే ఏం లాభం? నువ్వెందుకు ఆడటం లేదో అది చెప్పు ముందు."

నేను ప్లాట్‌ఫారం చివరిదాకా నడుస్తాను, అది దిగితే మళ్ళీ ఇసుక, మళ్ళీ సరుగుడు చెట్లు, బావ పక్కనే వస్తున్నాడు, అతని అడుగులు ఇసుకలో పడటం లేదు, నేనది చూడనట్టు నటిస్తున్నాను. ఒకసారి ఒక్కణ్ణే వెళ్ళాను, అని చెబుతాను చివరికి. కొట్టాను, బానే పోయింది, కొట్టాక అలవాటు కొద్దీ కర్రని పక్కకి చాచాను. అందుకోవడానికి అక్కడెవరూ లేరు. చెయ్యి అలాగే చాచి ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు, ఇంటికొచ్చి సంచి మూలన పెట్టి, మళ్ళీ ముట్టుకోలేదు.

బావ నవ్వడు. ఇద్దరికీ కలిపి ఒకటే సంచి మాకు, ఒకళ్ళు కొట్టి రెండోవాళ్ళకి ఇవ్వాలి. ఆ ఇవ్వడానికి కూడా అతను ఒక పద్ధతి పెట్టాడు. సిగ్నలు స్తంభం ఎక్కినవాడికి కిందవాడు పానా అందించేటప్పుడు, పైవాడు "పట్టుకున్నా" అనేదాకా కిందవాడు వదలకూడదు, వదిలితే అది వచ్చి వాడి నెత్తిమీదే పడుతుంది. ఉద్యోగమంతా అలాగే చేశాడు కాబట్టి మైదానంలో కూడా అంతే, కర్ర తల తన చేతిలో, పిడి నా వైపు, నేను "పట్టుకున్నా" అన్నాకే వదిలేవాడు. ఎదురుగా జానెడు దూరంలో నిలబడి ఉన్నవాడికి ఇదంతా దేనికి బావా అని ఎన్నిసార్లో వెక్కిరించాను. అతను వినేవాడు కాదు, నేను అనకపోతే అలా పట్టుకునే ఉండేవాడు, వెనక ఆడేవాళ్ళు విసుక్కున్నా సరే. ఆ తోలు పిడికి అతని చెమట తడి ఉండేది, నా చెయ్యి దానిమీద పడగానే, ఇప్పుడు నా వంతు అని నాకు తెలిసేది.

"అదిగో" అంటాడు బావ.

ఆఖరి గుంట దగ్గరికి వచ్చేశాం. ఇక్కడ పచ్చిక లేదు, నూనె కలిపి చదును చేసిన ఇసుక, మధ్యలో గుంట, గుంటకి కొంచెం ఇవతల బావ బంతి. మేం చివరిసారి ఆడిన రోజు సరిగ్గా ఇక్కడిదాకా ఆడేసరికి వాన పట్టుకుంది. "రేపు వేద్దాంలే, ఎక్కడికి పోతుంది" అని బంతిని అలాగే వదిలేసి కర్రలు తడవకుండా చొక్కా విప్పి కప్పి పరిగెత్తాడు. మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. బంతి కోసం తర్వాత నేను వెళ్ళి చూస్తే లేదు, ఎవరో తీసుకుపోయారనుకున్నాను, ఇప్పుడు చూస్తే ఇక్కడే ఉంది, దానిమీద ఆనాటి వాన చుక్కలు కూడా ఆరలేదు.

"వెయ్యి బావా. నీ వంతు."

"నాకింక వంతులేమిటోయ్" అని సంచిలోంచి చిన్నత్తని తీసి, తల తన చేతిలో ఉంచుకుని పిడి నా వైపు చాస్తాడు. "నువ్వు వెయ్యి."

నేను పట్టుకుంటాను. పిడి తడిగా ఉంది. అతను ఎదురు చూస్తున్నాడు, నేను నోరు విప్పడం లేదు, సముద్రం ఎడమవైపు నుంచి నెమ్మదిగా లేచి మా చీలమండల దాకా వచ్చింది, చల్లగా ఉంది, బంతి మాత్రం కదలటం లేదు.

"చెప్పవోయ్."

"చెబితే వదిలేస్తావు."

"వదలకపోతే నువ్వెలా వేస్తావు?"

నాకు బంతి అక్కర్లేదు, గుంట అక్కర్లేదు, ఈ కర్రకి అవతలి కొసన ఇలా ఒక మనిషి ఉంటే చాలు, నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చినా సరే, ఇలాగే నిలబడతాను, ఆ మాట అనను. బావ విసుక్కోవడం లేదు. ఎప్పటిలాగే పట్టుకుని ఉన్నాడు, అతని ముఖం మాత్రం పలచబడుతోంది, వెనక సరుగుడు చెట్లు కనిపిస్తున్నాయి.

"ఒరే చిదంబరం."

ఇది బావ గొంతు కాదు. కళ్ళు తెరిస్తే పొద్దెక్కి ఉంది, మంచం పక్కన అక్క నిలబడి ఉంది, భుజాన పాత తువ్వాలు. నేలమీద అవిసె నూనె గిన్నె, ఆరు కర్రలు తుడిచి వరసగా పెట్టి ఉన్నాయి, ఏడోది ఆవిడ చేతిలో ఉంది.

"ఇందా, పట్టుకో" అని నా వైపు చాచింది. తల ఆవిడ చేతిలో, పిడి నా వైపు.

నేను లేచి కూర్చుని పట్టుకున్నాను. తోలు ఆవిడ చేతి తడికి మెత్తబడి ఉంది. అక్క వదల్లేదు.

"ఆ హోటలువాళ్ళు వచ్చేస్తున్నామని ఫోను చేశారు. బూజుతో ఇస్తే బాగుండదని తుడుస్తూ కూర్చున్నాను, తుడుస్తూ ఉంటే..." అని ఆగిపోయింది. "ఏదో ఒకటి చెప్పరా. నా చెయ్యి లాగేస్తోంది."

"ఇవ్వద్దక్కా."

అప్పుడు వదిలింది. చేతులు తువ్వాలుకి తుడుచుకుని, వాళ్ళకి రావద్దని చెప్పడానికి కిందికి వెళ్ళింది. మెట్లమీద ఆవిడ అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా ఆగి, ఎదురుగా ఎవరూ లేని గదిలో, "పట్టుకున్నా బావా" అన్నాను.