సేఫ్టీ కారు వెనక నువ్వుల బేరం

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవే: కోవిల్‌పట్టి గిడ్డంగిలో ఒక లోడు నువ్వులు, కాలేజీకి వెళ్ళే కూతురు బృంద, మోటారు పందాల గురించి ఒక్క ముక్క తెలియని బుర్ర.

విరుదునగర్‌లో నూనె మిల్లు నడిపే దామోదరసామి ఇంకొక్క లోడే కొంటానని, ఆదివారం ఇంటికి రమ్మన్నాడు. వాన ముంచుకొస్తోంది. తేమ తగిలిన నువ్వులను ఎవరూ ముట్టరు. చిక్కల్లా, ఆదివారం ఆయన టీవీలో ఫార్ములా వన్ చూస్తాడు. అది అయ్యేదాకా ఎవరితోనూ బేరం ఎత్తడు.

దారిలో బస్సులోనే బృంద పాఠం మొదలుపెట్టింది.

"నైనా, ముందురోజు అందరికన్నా వేగంగా ఒక చుట్టు చుట్టినోడు ముందర నిలబడతాడు. అది పోల్. నడుమ టైర్లు మార్చేదానికి పిట్‌లోకి పోవాల. మార్చేది రెండు మూడు సెకన్లే, పోయి వచ్చేలోగా ఇరవై సెకన్లు పోతాది."

"పోకుంటే?"

"వాన లేకుంటే రెండు రకాల టైర్లు వాడే తీరాల."

"అంటే ఆగకుండా ముందర పోయేటోడు, బాడిగ ఇంకా కట్టనోడే గదా!"

బృంద పకపకా నవ్వింది. "అదే నైనా! ఏదన్నా కారు గుద్దుకుంటే సేఫ్టీ కారు వస్తాది. అందరూ దాని వెనకాల మెల్లగా పోవాల. అప్పుడు పిట్‌కు పోతే నష్టం తక్కువ."

మేం వెళ్ళేసరికి పుదూరు నువ్వుల వ్యాపారి రామకృష్ణన్ సోఫాలో దామోదరసామి పక్కనే కూర్చుని ఉన్నాడు. పోల్ ఆయనదే.

"ఏమన్నా, లేటు! రేసు ముగిసినాక ముందు నా మాటే" అన్నాడు మీసం దువ్వుతూ.

సగం పందెంలో ఒక కారు గోడకు కొట్టుకుంది. సేఫ్టీ కారు వచ్చింది.

"ఇంక ఎవురూ ఎవుర్నీ దాటకూడదు" అని దామోదరసామి వెనక్కి వాలి కాఫీ అందుకున్నాడు. రామకృష్ణన్ మర్యాదగా నోరు మూసుకున్నాడు.

నేను భుజం మీది తువ్వాలు తీసి, కుడిచేతి మీద కప్పి, దామోదరసామి ముందుకు చాపాను. మా పాతకాపు వ్యాపారులు ధర పైకి చెప్పరు. తువ్వాలు కింద వేళ్ళు నొక్కి చెబుతారు.

"ఇప్పుడా మాప్పిళ్ళా?" అన్నాడు, అల్లుడి వరస కలిపి.

"ఇప్పుడు ఆగితేనే మామా, నష్టం తక్కువ."

ఆయన కాఫీ ఒలికేలా నవ్వి, తువ్వాలు కిందికి చెయ్యి దూర్చాడు. నొక్కాడు. తల అడ్డంగా ఊపాను. మళ్ళీ నొక్కాడు. సేఫ్టీ కారు పక్కకు తప్పుకునేలోగా బేరం తెగింది.

"దాటకూడదంటిరే!" అని రామకృష్ణన్ లబలబలాడాడు.

"ఆయన దాటలేదప్పా, పిట్‌కు పోయొచ్చినాడు. నువ్వే బయట ఉండిపోయినావు" అన్నాడు దామోదరసామి.

లెక్క తేల్చితే: వానకు ముందే గిడ్డంగి ఖాళీ, ప్రతి ఆదివారం ఆ సోఫాలో నాకో చోటు, బృందకు కొత్త శిష్యుడుగా రామకృష్ణన్.