పావు చుట్టు

బావ మీద పగ పట్టినవాడికి ఆదివారం కూడా సెలవుండదు. మోర్న్‌బాఖ్ ఊరి చర్చిలో మే నెల మొదటి ఆదివారం పూజ జరుగుతూంటే కోర్బీనియన్ కళ్ళు దేవుడి మీద లేవు. వెనక ఆర్గన్ కింద, మగవాళ్ళు నిలబడే చోట గోడకి ఆనుకుని, ముందు వరసలో కూర్చున్న బావ రూపెర్ట్ మెడ మడతలు చూస్తున్నాడు. సొంత మాంసం కొట్లో సాసేజీలు తిని తిని పట్టిన మడతలవి. ఆ మెడ ఉన్న మనిషి తన తండ్రి కారు నడుపుతున్నాడంటే కోర్బీనియన్‌కి మింగుడు పడదు.

తండ్రి లెయొన్‌హార్ట్ పోయి మూడేళ్ళయింది. ఇంజన్లు బాగుచేసే షెడ్డు కొడుక్కీ, కారు పెద్దకూతురికీ, అంటే రూపెర్ట్ పెళ్ళాం ఆఫ్రాకీ ఇచ్చి పోయాడు. షెడ్డు అన్నం పెడుతుంది, కారు పెట్టదు, కాబట్టి కొడుకే బాగుపడ్డాడని ఊరంతా అంది. ఊరి నోటికేం, ఎన్నయినా అంటుంది. ఆ కారు ముక్కులో ఉన్నది మ్యూనిక్‌లో పోతపోసిన ఆరు సిలిండర్ల ఇంజను. ఆరూ ఒకే వరసలో, ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. ఒకటి విదిలిస్తే ఇంకోటి సర్దుకుంటుంది, వణుకు బయటికి రానివ్వవు. సరిగ్గా చూసుకుంటే మనిషి ముసలాడవుతాడు గానీ అది కాదు. ముప్ఫై ఏళ్ళ కిందట తండ్రీ కొడుకులిద్దరూ ఒక చలికాలమంతా షెడ్లో కూర్చుని దాన్ని ముక్కముక్కా విప్పి మళ్ళీ కట్టారు. ఆఖరి మూత బిగించింది కోర్బీనియన్. ఆ తరవాత దాని లోపల ఇంకొకడి చెయ్యి పడలేదన్న సంగతి అతనే కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

ఇంజను ఎంత మెత్తగా తిరుగుతోందో తేల్చడానికి ఇక్కడ ఒకటే పరీక్ష. అది నడుస్తుండగా పై మూత మీద నాణేన్ని అంచు మీద నిలబెట్టాలి. నిలబడితే అది ఇంజను. పడితే పాత ఇనుము. ఇందుకోసం లెయొన్‌హార్ట్ దగ్గర వెండి అయిదు మార్కుల బిళ్ళ ఒకటుండేది. యూరోలొచ్చి ఆ పాత మార్కుల నాణేలు ఎక్కడా చెల్లని రోజులొచ్చినా ఈ పనికి మాత్రం అది చెల్లింది. ముసలాయనకి స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టాడో ఏనాడూ గుర్తుండేది కాదు. అందుకని ఆ కారుకున్న రెండు కార్బురేటర్ల స్క్రూల గాట్లని ఆకురాయితో వెడల్పు చేసి, బిళ్ళతోనే తిప్పుకునేవాడు. ఆ చిట్కా ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ ఎరగరు.

మూడేళ్ళుగా కోర్బీనియన్ బీరు బల్ల దగ్గర కూర్చున్నప్పుడల్లా ఒకే పాట పాడాడు. "ఆ కసాయివాడి చేతిలో పడి ఇంజను బోరుకొచ్చింది. ఇప్పుడు బిళ్ళ పెట్టి చూడండి, రెప్పపాటు ఆగదు." ఈస్టర్ వెళ్ళిన వారం రూపెర్ట్‌కి ఓపిక చచ్చిపోయింది.

"ఏం బామ్మర్దీ, నోరా అది, పొగగొట్టమా?" అన్నాడు గ్లాసు ఠప్పున పెట్టి. "నేను ఆయిలు మార్పించడం తప్ప బానెట్ లోపలికి తల కూడా పెట్టను. వేలు పెడితే విరిచేస్తానన్నది నువ్వే కదా?"

"ముట్టుకోకుండా చెడగొట్టే చేతులు కూడా ఉంటాయి బావా. నువ్వు వీధిలోకొస్తే పాలు విరుగుతాయి."

"అయితే కాయి పందెం! మే మొదటి ఆదివారం, పూజ అయ్యాక, అందరి ముందూ మూడుసార్లు పెడదాం. మూడుసార్లూ పడితే కారు నీది. మీ అక్క కూడా సరేనంది. నిలబడిందా, మళ్ళీ ఆ కారు మాట నీ నోట వినబడకూడదు. చచ్చేదాకా."

"అక్క సరేనందా?"

"ఈ గోల వదిలితే చాలంది."

చేతిలో చెయ్యి పడింది. బీరు కాచే వాస్టల్, ఆ ఊళ్ళో పెద్దమనిషి, సాక్షిగా పైన తన చెయ్యి కూడా వేశాడు. ఇక్కడ ఆ తరవాత కాగితం అడగరు, అడిగితే తిట్టినట్టే.

కోపంలో పందెం కాశాడు గానీ, ఇంటికి నడుస్తూంటే కోర్బీనియన్‌కి భయం పట్టుకుంది. రోజూ పొద్దున్నే ఆ కారు షెడ్డు ముందు నుంచే పోతుంది. దానికి ఏ రోగమూ లేదని అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఇప్పుడు, ఆ మే ఆదివారం పూజలో, ఫాదర్ ప్రసంగం మొదలుపెట్టాడు. ప్రసంగం మొదలవగానే వెనకున్న మగవాళ్ళు ఒక్కొక్కరే జారుకుని సమాధుల గోడ దగ్గర సిగరెట్టు కాల్చుకోవడం తాతల నాటి అలవాటు, ఆడవాళ్ళు తిట్టడం కూడా ఎప్పుడో మానేశారు. కోర్బీనియన్ కూడా జారుకున్నాడు. గోడ దగ్గర ఆగలేదు. పొట్ట పట్టుకుని "ఇప్పుడే వస్తా" అని, గోడ పక్క సందులోంచి వాస్టల్ బీరు పెరట్లోకి దూరాడు.

అక్కడ ఏటా మే నెలలో జరిగే ప్రదర్శనకి తెచ్చిన ఊళ్ళో పాత కార్లన్నీ వరసగా, బానెట్లు ఎత్తి, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టున్నాయి. ముదురాకుపచ్చది తండ్రి కారు. తుడిచి తుడిచి మొహం కనబడేలా ఉంచాడు కసాయి. కోర్బీనియన్ జేబులోంచి రెండు యూరోల నాణెం తీశాడు. రెండు కార్బురేటర్లలో ముందుది ముందు మూడు సిలిండర్లకీ, వెనకది వెనక మూడింటికీ పెట్రోలు పోస్తాయి. వెనకదాని స్క్రూ గాట్లో నాణెం పెట్టి పావు చుట్టు తిప్పాడు. ఇంకాస్త తిప్పితే ఇంజను దగ్గుతుంది, ఏ తెలివైనవాడో కనిపెట్టేస్తాడు. అది చెడిపోయినట్టు వినబడకూడదు, ముసలిదైపోయినట్టు వినబడాలి. ఇక వెనక ముగ్గురూ ముందు ముగ్గురితో పడకుండా కొట్టుకుంటారు, ఇంట్లోవాళ్ళలాగే.

సిగ్గేమైనా వేసిందా అంటే, వెయ్యలేదు. హాయిగా ఉంది. తిరిగొచ్చి ఆర్గన్ కింద నిలబడి, మిగతా పూజంతా గొంతెత్తి పాడాడు.

పూజ అయ్యాక జనం పెరట్లో మూగారు. రూపెర్ట్ పంపిన తెల్ల సాసేజీలు గిన్నెల్లో పొగలు కక్కుతున్నాయి గానీ ఎవరూ వాటి జోలికి పోలేదు. ఆఫ్రా చేతిసంచీలోంచి రుమాలు తీసి, అందులో చుట్టిన వెండి బిళ్ళ వాస్టల్ చేతిలో పెట్టింది. రూపెర్ట్ కారెక్కి తాళం తిప్పాడు.

ఇంజను అందుకుంది. ఆ మొదటి చప్పుడుకే ఆఫ్రా తల చటుక్కున తిప్పింది. పుట్టినప్పటి నుంచీ విన్న చప్పుడు కాదిది.

వాస్టల్ బిళ్ళని మూత మీద నిలబెట్టి వేళ్ళు తీశాడు. బిళ్ళ ఒణికింది, వాలింది, టంగుమని పడింది. రెండోసారి వేళ్ళు తియ్యకముందే ఒరిగింది. మూడోసారి పడి, బంపరు మీంచి దొర్లి, గులకరాళ్ళలో పోయి కోర్బీనియన్ బూటుకి తగిలి ఆగింది.

"చూశారా!" అన్నాడు కోర్బీనియన్. "నేనేం చెప్పాను? మూడేళ్ళ నుంచీ ఏం చెబుతున్నాను?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జనం రూపెర్ట్ వంక చూస్తారనుకున్నాడు. వాళ్ళు తన వంక చూస్తున్నారు.

"కోర్బీ," అన్నాడు వాస్టల్ గెడ్డం గోక్కుంటూ, "దీన్ని కట్టింది నువ్వే కదూ?"

"కట్టింది నేనే. చెడగొట్టింది ఇతను."

"ఇతను వేలు పెట్టలేదని నీ నోటితో నువ్వే చెప్పావు కదయ్యా. లోపల నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదనీ చెప్పావు. ఈ రకం ఇంజన్లు అరిగిపోవడం నా తండ్రి చూళ్ళేదు, నేనూ చూళ్ళేదు. ఇది అరిగిందంటే కట్టినవాడు సరిగ్గా కట్టలేదన్నమాటే."

"అది కాదు వాస్టల్, నా మాట..."

"నా కారు ఇంజను కూడా నీ షెడ్లో విప్పి పడుంది. దాన్ని బిగించకు. రేపు మనిషిని పంపుతా, ముక్కలన్నీ బుట్టలో వేసి ఇచ్చెయ్యి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కోర్బీనియన్‌కి చెవులు మండాయి. పందెం నెగ్గినవాడి పరిస్థితి ఇలా ఉంటుందని అతను కలలో కూడా అనుకోలేదు.

రూపెర్ట్ ఇంజను ఆపకుండానే కారు దిగాడు. మొహం కందగడ్డలా ఉంది, అయినా మాట తప్పే రకం కాదు.

"తాళం దానికే ఉంది బామ్మర్దీ. ఎక్కు. కారు నీది," అన్నాడు. "పీడ విరగడైంది. నా కొట్లో పంది తలకాయ జెల్లీ కూడా ఇంతకంటే తక్కువ ఊగుతుంది. పాపం మావయ్య! చచ్చేదాకా దీన్ని చూసుకునే మురిశాడు. తండ్రీ కొడుకులిద్దరూ కలిసి ముప్ఫై ఏళ్ళు ఊరందరి చెవిలో పువ్వు పెట్టారన్నమాట."

"మా నాన్నని అనకు."

"నేనెక్కడన్నాను? ఆ ఇంజనే అంటోంది, విను."

కోర్బీనియన్ విన్నాడు. వినక చస్తాడా? వెనక మూడు సిలిండర్లు కుంటుకుంటూ నడుస్తున్నాయి. ఆ చలికాలం తండ్రి ఒళ్ళంతా జ్వరంగా ఉన్నా లేవకుండా కూర్చుని, ఒక్కో పిస్టన్నీ అరచేతిలో పెట్టి బరువు చూసి, "ఇంకొంచెం గీకరా, వీడు మిగతావాళ్ళ కంటే లావున్నాడు" అనేవాడు. ఆ ఇంజనిప్పుడు ఊరందరి ముందూ ముసలి కుక్కలా ఒణుకుతోంది. ఎక్కి ఆపేస్తే సరిపోయేది. ఇంటికి తీసుకుపోయి సందుచూసి సరిచేసుకుంటే సరిపోయేది. కానీ ఆపేస్తే జనం చెవుల్లో ఆఖరున మిగిలేది ఈ చప్పుడే. అది అతను భరించలేకపోయాడు.

ఆఫ్రా దగ్గరికొచ్చింది. ఇంజను వంక చూడలేదు. తమ్ముడి చొక్కా కఫ్ వంక చూసింది. ఇస్త్రీ చేసిన తెల్ల కఫ్ మీద బొటనవేలంత నల్ల మరక.

"చర్చికి ఉతికిన చొక్కాతోనే వచ్చావు కదరా?" అంది, అతనికి మాత్రమే వినబడేలా.

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నాన్న బిళ్ళ నీ కాళ్ళ దగ్గరుంది," అంది ఈసారి అందరికీ వినబడేలా. "తియ్యి. కారు కావాలంటే ఎక్కిపో. నాన్న పరువు కావాలంటే, ఏం చెయ్యాలో నీకు నేను చెప్పక్కర్లేదు."

కోర్బీనియన్ ఒంగి బిళ్ళ తీశాడు. ఆ తరవాత ఆలోచించింది అతను కాదు, అతని చెయ్యి. బానెట్ కిందికి పోయి, తిన్నగా వెనక కార్బురేటర్ దగ్గర ఆగి, గాట్లో బిళ్ళ అంచు దూర్చి, పావు చుట్టు వెనక్కి తిప్పింది.

కుంటడం ఆగిపోయింది. చప్పుడు ఎంత తగ్గిందంటే, గిన్నెల్లో సాసేజీ నీళ్ళు మరగడం వినబడింది. కోర్బీనియన్ బిళ్ళని మూత మీద నిలబెట్టి వేళ్ళు తీశాడు. నిలబడింది. పక్కనున్న యాక్సిలరేటర్ కడ్డీ లాగి ఇంజన్ని రేజ్ చేశాడు. ఇంకా లాగాడు. బిళ్ళ అక్కడే పుట్టినట్టు నిలబడింది.

"చూడండి!" అని అరిచాడు. కళ్ళలో నీళ్ళొచ్చేశాయి. "కళ్ళుంటే చూడండి! ఇదీ మా నాన్న పని! ఇదీ నా పని! ఎవడ్రా పాత ఇనుమన్నది?"

ముందుగా రూపెర్టే మెల్లగా నోరు విప్పాడు.

"బామ్మర్దీ, నేను మాంసం కొట్టేవాణ్ణి. నాకు ఇంజన్ల సంగతి తెలీదు," అన్నాడు. "కానీ అక్కడ స్క్రూలు రెండున్నాయి. నువ్వు చెవి పెట్టి వినలేదు, ముందుదాన్ని ముట్టుకోలేదు. తిన్నగా వెనకదాని దగ్గరికే పోయావు. ఒక్క తిప్పుకి సరిపోయింది. ఎంత తిప్పాలో నీకెలా తెలిసింది?"

కోర్బీనియన్ చెయ్యి వెనక్కి దాచుకోబోయాడు. కఫ్ మీది మరక ఇప్పుడు అందరికీ కనబడుతోంది. సమాధుల గోడ దగ్గర సిగరెట్టు కాల్చినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"పనికి వంక పెట్టలేంరా కోర్బీ," అన్నాడు వాస్టల్. "మనిషికే పెట్టాలి. నా ఇంజను కోసం రేపు కాదు, ఇవాళే పంపుతా."

జనం సాసేజీల వైపు కదిలారు. అతని పక్క నుంచి పోయినవాళ్ళు ఒక్కరు కూడా అతన్ని రాసుకోకుండా జాగ్రత్తగా పోయారు. ఆఫ్రా మూత మీంచి బిళ్ళ తీసి రుమాల్లో చుట్టుకుంది.

"అక్కా," అన్నాడు కోర్బీనియన్.

"నాన్న ఉంటే నీ చెంప పగలగొట్టేవాడు," అంది ఆఫ్రా. "పగలగొట్టి, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. నాకంత మంచితనం లేదురా."

బానెట్ దించి నొక్కింది. మొగుడు పక్కనెక్కాడు, తాను నడిపింది. ముదురాకుపచ్చ కారు గులకరాళ్ళ మీద మెల్లగా కదిలి, పెరటి గేటు దాటి వీధిలోకి తిరిగింది.

కోర్బీనియన్ అక్కడే నిలబడి చెవులు రిక్కించాడు. ఇక ఆ కారు మాట ఎత్తే హక్కు లేదు, కనీసం వినడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదనుకున్నాడు. వీధి మలుపు దాకా కూడా వినబడలేదు. అంత మెత్తగా కట్టాడు దాన్ని.