రెండో కడ్డీ

షట్టర్ మేస్త్రి భుజంలోంచి తూటా తీసి నాలుగు రోజులైంది. అది దింపిన వాడి పేరు మాత్రం ఆయన నోట్లోంచి రావడం లేదు.

"చూళ్ళేదు సార్," అన్నాడు మళ్ళీ.

ఇన్‌స్పెక్టర్ ఇనుప స్టూలు ఆస్పత్రి మంచం దగ్గరికి లాక్కున్నాడు. "ఎదురుగా నిలబడి కాల్చాడు. కళ్ళు మూసుకుని పని చేస్తావా నువ్వు?"

"స్ప్రింగు వైపు చూస్తున్నాను."

"కొట్లో ఇంకెవరున్నారు?"

"ఒక్కణ్ణే."

అన్నాకే మేస్త్రికి తప్పు తెలిసింది. షట్టర్ పని తెలిసినవాడెవడూ అనకూడని మాట అది. స్ప్రింగు బిగించాలంటే ఇద్దరు కావాలి. ఒకరు కడ్డీ తిప్పుతుంటే ఇంకొకరు రెండో కడ్డీతో ఆపాలి. ఆపకపోతే అది వెనక్కి తన్ని దవడ ఊడగొడుతుంది.

ఇన్‌స్పెక్టరూ ఆ సంగతి తెలుసుకునే వచ్చాడు. "పక్క వీధి మేస్త్రికి ఆ కొట్టు చూపించాను. ఒక కడ్డీ నెత్తురుతో కింద పడుంది. రెండోది పైనే ఉంది, తాడుతో కట్టేసి. తూటా తగిలినవాడు నిచ్చెనెక్కి ముడి వేస్తాడా? వేస్తే చెప్పు, నీకు దణ్ణం పెట్టి పోతాను."

మేస్త్రి పళ్ళు కొరుక్కున్నాడు. కొంప కూలినా కడ్డీ కట్టకుండా చెయ్యి తీయొద్దని కూతురికి నేర్పింది తనే. తండ్రి నెత్తుటి మడుగులో పడి ఉన్నా ఆ పిల్ల ముందు ముడి వేసి, తర్వాతే కిందికి దిగింది. తాము షట్టర్ బిగిస్తున్న ఆ కొట్టు తెరుచుకోకూడదని మామూళ్ళు గుంజే ముఠా పంపిన మనిషిని ఆమె కూడా చూసింది.

"చూసి చెప్పకపోతే జైలు, మేస్త్రీ. తూటా తిన్నవాడికైనా సరే."

"వాడెవడో మీకు తెలుసు గదా సార్."

"తెలిస్తే చాలదు. సాక్ష్యం కావాలి."

"మా ఆవిడ ఇచ్చింది."

ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకుని లేచాడు.

మూడేళ్ళ క్రితం అదే ముఠా ఒక కొట్టుకి నిప్పు పెట్టడం మేస్త్రి భార్య చూసింది. వద్దంటే వినలేదు. నిప్పులాంటి మనిషి. స్టేషన్ వరండాలో రైటరు ఆమె పేరూ ఇంటి నంబరూ గొంతెత్తి చదివి, "సరిగ్గా ఉందా అమ్మా?" అని అడిగాడు. ఆమె కూర్చున్న బల్ల మీదే ఆ ముఠావాడొకడు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. పదకొండో రోజున ఆమెను లారీ గుద్దింది. కాగితాల్లో ప్రమాదం అని రాశారు. కంచే చేను మేసిందని అరవడానికి కూడా మేస్త్రికి నోరు రాలేదు. ఆ రోజు నుంచి ఆయన ఎవర్నీ క్షమించలేదు, చనిపోయిన మనిషితో సహా.

జడ్జి ముందుకు తీసుకెళ్ళే రోజు సర్కారు ఇచ్చిన వకీలు చెవిలో చెప్పాడు. "గుర్తులేదు అను. మతిమరుపు నేరం కాదు. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటావు."

"నాకు గుర్తులేదంటే రెండోవాళ్ళని పిలుస్తారు గదా?"

"పిలుస్తారు మరి."

"చూశాను, చెప్పను అంటే?"

వకీలు వింతగా చూశాడు. "అప్పుడు వాళ్ళ పట్టంతా నీ మీదే. కానీ కోరి జైలుకి ఎవడు పోతాడయ్యా?"

మేస్త్రి బోనెక్కాడు. కుడి చెయ్యి మెడకు కట్టి ఉంది. కాల్చినవాణ్ణి చూశావా అని జడ్జి అడిగాడు.

"చూశాను."

ఇన్‌స్పెక్టర్ నిటారుగా కూర్చున్నాడు.

"ఎవరు?"

"చెప్పను."

"కోర్టు అడిగినదానికి జవాబివ్వకపోతే శిక్ష పడుతుంది. తెలుసా?"

"తెలుసండి. కాల్చినవాడికి పడకపోయినా నాకు పడుతుందని తెలుసు."

"ఆ సమయంలో నీతో ఉన్నదెవరు?"

"అదీ చెప్పను. రెంటికీ కలిపి రాసుకోండి."

జడ్జి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకీ ఇది నచ్చినట్టు లేదు. అయినా ఆరు నెలలు రాశాడు.

కోర్టు వరండాలో కానిస్టేబుల్ ఆయన ఎడమ చేతికి బేడీ వేస్తుండగా కూతురు ఎదురొచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చి కాదు.

"నన్నొక్క మాట అడిగావా నాన్నా?"

"అడగలేదు."

"వాడు టీ కొట్లో కూర్చుని నవ్వుతున్నాడు. నిన్నేమో గొలుసేసి తీసుకుపోతున్నారు. నేను నోరు కుట్టుకుని కూర్చోవాలా?"

"కూర్చో. మీ అమ్మ కూర్చోనందుకు ఏమైందో చూశావు."

"అమ్మని లారీవాడు చంపాడు. నువ్వు ఆమెనే రోజూ తిడుతున్నావు."

మేస్త్రికి చెంప మీద కొట్టినట్టయింది. కానిస్టేబుల్ గొలుసు లాగలేదు, పాపం, గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆరు నెలలు ఆగు," అన్నాడు మేస్త్రి. "తర్వాత నీ ఇష్టం. మాటివ్వు."

ఆమె ఇవ్వలేదు. వరండా చివర, ఇన్‌స్పెక్టర్ కూర్చున్న పోలీసుల గది తలుపు తెరిచే ఉంది. ఆమె ఆ తలుపు వైపు చూసింది. మేస్త్రి అది చూశాడు. కానిస్టేబుల్ "పదండి" అన్నాడు. మేస్త్రి మెట్లు దిగుతున్నంతసేపూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. ఆ పిల్ల అక్కణ్ణుంచి కదల్లేదు, ఇటూ రాలేదు, అటూ పోలేదు.