మేడగది కాగితం

ఇస్త్రీ చేసిన తెల్ల జాకెట్టు కుర్చీకి వేలాడుతుంటే, "రేపెక్కడికి అత్తయ్యా?" అని అడిగాను. అత్తయ్య ఎనెయిదా కాఫీ వడగడుతూ ఒక్క క్షణం ఆగింది.

"నోటరీ దగ్గరికి. పదకొండింటికి వంతొచ్చింది. మేడగది మీ ఇద్దరి పేర రాసిస్తాను. కాగితం రీగో టైపు చేసి పెట్టాడు."

వెంటనే ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టాను. మా పెళ్ళయి పంతొమ్మిది రోజులు. ఆ గది మా ఆయన లెదువాన్ రెండేళ్ళపాటు ఇటుకలు మోసి కట్టుకున్నది. పోయిన ఆదివారం నేను కుట్టిన నీలి కర్టెన్ తగిలించాను. పొద్దున్నే గాలికి అది ఉబ్బిందంటే సియెన్‌ఫ్వెగోస్ ఊరి సముద్రమంతా మా మంచం మీదికి వచ్చినట్టే ఉంటుంది.

కాగితం కింద ఉంది, ప్రింటర్ పైన ఉంది. అదొక్కటే చిక్కు. కింద బావగారు రీగో గదిలో ఒక పాత కంప్యూటర్, పైన మా దగ్గర అంతకన్నా పాతది.

"పెన్‌డ్రైవ్ కంతలన్నీ చచ్చాయి మరదలా," అన్నాడు రీగో, రొట్టెల సంచి భుజాన వేసుకుంటూ. "వచ్చే వారం చూద్దాంలే."

"వంతు రేపే కదా బావగారూ."

"నోటరీ ఎక్కడికి పోతాడు? ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీలోనే ఉన్నాడు."

బావగారు రొట్టెల క్యూకి వెళ్ళగానే లెదువాన్ కేబుల్ చుట్ట తీశాడు. "రెండిటినీ కలిపేద్దాం. అన్నయ్య వచ్చేసరికి ప్రింటు చేతిలో పెడదాం."

మెట్ల పక్క రంధ్రంలోంచి కేబుల్ దించాను. తను కింద, నేను పైన.

"కంప్యూటర్ వెనక లైటు వెలిగిందా?" అని కిందనుంచి అడిగాడు.

"లేదు."

రెండిట్లోనూ ఉన్నవి మరీ పాత నెట్‌వర్క్ కార్డులు, మామూలు తీగతో ఒకదాన్నొకటి పలకరించవు. లెదువాన్ ఒక చివర ప్లగ్గు కోసి, లోపలి తీగల వరస మార్చి, మళ్ళీ బిగించాడు. పచ్చలైటు మిణుకుమంది. పైన ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

అయినా రీగో ఫోల్డర్ నా తెరమీద కనబడలేదు.

"అన్నయ్యది వర్క్‌గ్రూప్ పేరు 'ఏనుగులు'. అది మన ఊరి బేస్‌బాల్ జట్టు, దాని పిచ్చి కదా. రెండిటికీ ఒకే పేరుండాలి, నువ్వూ అదే పెట్టు."

పెట్టాను. కంప్యూటర్ ఆగి మళ్ళీ లేచేలోపు ఒక వెల్లుల్లిపాయ మొత్తం ఒలిచాను. ఈసారి పాస్‌వర్డ్ అడిగింది. రీగోకి పాస్‌వర్డే లేదు, అది లేనివాళ్ళ కంప్యూటర్‌లోకి బయటినుంచి రానివ్వదట. లెదువాన్ ఒకటి పెట్టాడు. ఏం పెట్టావంటే, "నీ పేరే," అన్నాడు. మెట్ల మీదుగా వచ్చిన ఆ మాటకి నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఇంకా మొరాయించింది. "ఒక్కో ఫోల్డరూ తెరవడం నావల్ల కాదు," అన్నాడు. "మొత్తం డిస్కే తెరిచేస్తున్నా."

"కనబడింది," అన్నాను.

'మేడగది' ఫైలు తెరిచాను. పైన శీర్షిక. దాని కింద అత్తయ్య పేరు, పేరు పక్కన కామా. అంతే.

మిగతాది ఇంకోచోట దాచాడేమోనని వెతికాను. 'ఇల్లు' అని ఒక ఫోల్డర్ ఉంది. "ఇల్లు అమ్మబడును. మేడపైన కొత్త గది, సముద్రపు గాలి. మొత్తం ఖాళీ చేసి అప్పగించబడును." ఆ కింద ఫొటోలు. చివరి ఫొటోలో మా మంచం.

"లెదువాన్, ఒకసారి పైకి రా."

రీగో రొట్టెలతో వచ్చి మా వెనక నిలబడ్డాడు. వెనకాలే అత్తయ్య.

"అది పాతదిరా," అన్నాడు రీగో. "పోయినేడాది అమ్మ ఆపరేషనప్పుడు ఏదో రాశాను. తేదీ చూసుకో."

తేదీ చూస్తే 2002 జనవరి ఒకటి. లోపలి బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు పోయినప్పుడల్లా ఆ కంప్యూటర్ అదే రోజుకి వెళ్ళిపోతుంది.

"కంతలన్నీ చచ్చాయన్నావు," అన్నాడు లెదువాన్. "ఈ ఫొటోలు ఏ కంతలోంచి ఎక్కాయన్నా?"

రీగో రొట్టెల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

నేను ఫొటో పెద్దది చేశాను. కిటికీకి నా నీలి కర్టెన్. వెలుతురు పడాలని దాన్ని ఎవరో పక్కకి పట్టుకున్నారు. ముడతల చేయి, వేలికి పచ్చరాయి ఉంగరం. పొద్దున కాఫీ వడగట్టింది ఆ చేయే.

"అత్తయ్యా, ఈ కర్టెన్ నేను తగిలించింది ఆదివారం."

ఆమె చేతులు జేబుల్లో పెట్టుకుంది. "రీగోకి ఇద్దరు పిల్లలు, డబ్బు కావాలి. మీరు చిన్నవాళ్ళు. నీకు మీ అమ్మ ఇల్లు ఉంది."

"మరి రేపటి వంతు?"

"కొనేవాళ్ళతో."

"పొద్దున నాతో అలా ఎందుకు చెప్పారు?"

"నువ్వు అడిగావు. నవ్వుతూ నిలబడ్డావు. నోటికేదొస్తే అది అనేశాను."

లెదువాన్ కేబుల్ పీకి, మోచేతికి వరసలుగా చుట్టుకోసాగాడు. పచ్చలైటు ఆరింది.

"ఖాళీ చేసి అప్పగిస్తామని రాశావు కదన్నా. అలాగే అప్పగిద్దాం. తలుపు నేను కొన్నది. కిటికీ నేను కొన్నది. పైన రేకులూ నావే. రేపు పొద్దున ఆరింటికి మొదలుపెడతాను. మీరు సంతకాలు చేసి వచ్చేసరికి నాలుగు గోడలు మిగులుతాయి."

"ముందు కర్టెన్ నేను దించుతాను," అన్నాను.